చలిలో బయల్దేరి ఎండలో చేరే పరుగు

తెల్లవారుజాము నాలుగున్నర గంటలు. తొలికోడి కూసి కాసేపయింది. ఊరి బయట తారురోడ్డు మీద ముగ్గురు కుర్రాళ్లు పరుగెత్తుతున్నారు. ఒకడి ఒంటి మీద నూలు బనియను, నిక్కరు. రెండోవాడు చలికి భయపడి స్వెట్టరు గొంతు దాకా లాక్కున్నాడు. మూడోవాడు చెమట బాగా కారితే ఒళ్లు తగ్గుతుందని ఎవరో చెప్పగా విని, వానకోటు బొత్తాలన్నీ పెట్టుకుని మరీ పరుగెత్తుతున్నాడు. పోలీసు ఉద్యోగానికో, సైన్యానికో ఎంపిక కావాలని వారి పట్టుదల. ఇటువంటి దృశ్యం మన పల్లెలకు కొత్త కాదు.

ఈ ముగ్గురిలో సరైన బట్టలు వేసుకున్నది ఎవరు? ప్రశ్న చిన్నదిగానే కనిపిస్తుంది. పరుగెత్తేది కాళ్లు కదా, చొక్కాతో పనేమిటని కొట్టిపారేసేవారూ ఉంటారు. కాని దూరపు పరుగులో బట్టల విషయంలో చేసిన పొరపాటు ప్రాణం మీదకు తెచ్చిన సందర్భాలున్నాయి. భాద్రపదం వెళ్లి ఆశ్వయుజం వచ్చే ఈ రోజుల్లో పొద్దున మంచు, పది గంటలకు చురుక్కుమనే ఎండ, సాయంత్రం ఉరుములతో జల్లు, మూడూ ఒకే రోజున చూస్తాం. కాబట్టి ఈ కాలంలోనే ఆ పొరపాటుకు వీలెక్కువ.

నీళ్లు మోసేవాడు గెలిచాడు

దూరపు పరుగుల్లో పెద్దది మారథాన్. ప్రాచీన గ్రీకు దేశంలో మారథాన్ అనే చోట యుద్ధం గెలిచిన కబురు మోసుకుని ఒక వార్తాహరుడు ఏథెన్సు నగరం దాకా పరుగెత్తి, కబురు చెప్పి కుప్పకూలాడని కథ. ఆ కథను తలచుకుని 1896లో ఏథెన్సులో జరిగిన మొదటి ఆధునిక ఒలింపిక్ క్రీడల్లో ఈ పందెం పెట్టారు. గెలిచినవాడు జమీందారు బిడ్డ కాదు, నీళ్లు మోసి బతికే స్పిరిడాన్ లూయిస్ అనే పల్లెటూరి మనిషి.

అప్పటి దూరం సుమారు 40 కిలోమీటర్లు. 1908 లండన్ క్రీడల్లో అది 42 కిలోమీటర్ల 195 మీటర్లయింది. 1921 నుంచి అదే స్థిరపడింది. ఎడ్లబండి మీద పోతే పొద్దు పొడిచిన దగ్గర నుంచి పొద్దు గుంకే దాకా పట్టే దారి అది.

ప్రపంచంలో మేటి వీరులు ఈ దూరాన్ని రెండు గంటల పైన కొన్ని నిమిషాల్లో పూర్తి చేస్తారు. మామూలు మనిషికి నాలుగు గంటలు, ఐదు గంటలు పడుతుంది. అసలు చిక్కు ఇక్కడే ఉంది. మొదట వచ్చినవాడు ఎండ ముదరకముందే గమ్యం చేరి నీడన కూర్చుంటాడు. వెనకబడ్డవాడు చలిలో బయల్దేరి, ఎండలో నడుమ దారిన చిక్కి, ఒక్కోసారి వానలో తడిసి చేరతాడు. కాబట్టి బట్టల జాగ్రత్త గెలిచేవాడి కంటె వెనక వచ్చేవాడికే ఎక్కువ అవసరం.

పంట్లాం కత్తిరించిన పోస్టుమాన్

1904 ఆగస్టు 30న అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో ఒలింపిక్ మారథాన్ జరిగింది. వేడి 32 డిగ్రీల దాకా ఉంది. మట్టి రోడ్లు. ముందు పోయే వాహనాలు లేపిన దుమ్ము పరుగెత్తేవారి గొంతుల్లోకి పోయింది. దారిలో నీళ్లు దొరికింది ఒకటి రెండు చోట్లే.

ఆ పందేనికి క్యూబా దేశం నుంచి ఫెలిక్స్ కార్వహాల్ అనే పోస్టుమాన్ వచ్చాడు. నిండు చేతుల చొక్కా, పొడుగు పంట్లాం, బరువైన బూట్లు, నెత్తిన టోపీ. వీధిలో తిరిగే బట్టలతోనే పందెంలో నిలబడ్డాడు. అది చూసి జాలిపడిన తోటి క్రీడాకారుడు ఒకరు కత్తెర తెచ్చి ఆ పంట్లాన్ని మోకాళ్ల దగ్గర కత్తిరించాడు. అలాగే పరుగెత్తి కార్వహాల్ నాలుగో స్థానంలో నిలిచాడు. ఆ రోజు బయల్దేరిన 32 మందిలో చివరిదాకా చేరినవారు 14 మందే.

కార్వహాల్ దగ్గర నిక్కరు లేకపోవడానికి కారణం చేతిలో డబ్బు లేకపోవడం. మన కుర్రాళ్లలోనూ చాలామందిది అదే స్థితి. అయితే మంచి విషయం ఏమంటే, దూరపు పరుగుకు కావలసిన బట్ట ఖరీదైనది కాదు. తేలికైనది. అంతే.

బూట్లు విప్పి గెలిచాడు

1960 సెప్టెంబర్ 10. రోమ్ ఒలింపిక్స్. అక్కడ ఆకురాలు కాలం అప్పుడే మొదలవుతోంది. పగటి ఎండకు భయపడి నిర్వాహకులు మారథాన్‌ను సాయంత్రం పూట పెట్టారు. చివరి దారిలో సైనికులు కాగడాలు పట్టుకుని నిలబడ్డారు. ఆ వెలుగులో ఇథియోపియా దేశస్థుడు అబెబె బికిలా ఉత్త కాళ్లతో పరుగెత్తుకుంటూ వచ్చి గెలిచాడు. కాలం 2 గంటల 15 నిమిషాల 16 సెకండ్లు. కొత్త బూట్లు కాళ్లకు సరిగ్గా కుదరకపోవడంతో వాటిని పక్కన పెట్టాడు. ఉత్త కాళ్ల పరుగు అతనికి అలవాటే.

నాలుగేళ్ల తర్వాత 1964 అక్టోబర్ 21న టోక్యోలో అదే బికిలా మళ్లీ గెలిచాడు. ఈసారి కాళ్లకు బూట్లు, మేజోళ్లు ఉన్నాయి. దీనిలో మనం నేర్చుకోవలసింది బూట్లు వద్దని కాదు, బూట్లే కావాలనీ కాదు. పందెం రోజున కొత్తది ఏదీ ఒంటి మీద ఉండకూడదు. పండక్కి కొన్న కొత్త బూట్లతో ఆ రోజే పరుగుకు దిగితే ఐదు కిలోమీటర్లకే బొబ్బలు లేస్తాయి.

ఒకే ఊరు, రెండు అక్టోబర్లు

మన తెలుగువారు ఎందరో స్థిరపడిన షికాగో నగరంలో ఏటా అక్టోబర్‌లో పెద్ద మారథాన్ జరుగుతుంది. అక్కడ అక్టోబర్ అంటే చల్లని కాలమే. కాని 2007 అక్టోబర్ 7న వేడి 31 డిగ్రీలకు చేరింది. గాలిలో తేమ కూడా ఎక్కువ. సుమారు 35 వేల మంది బయల్దేరారు. మనకు 31 డిగ్రీలంటే చల్లని రోజు. చలికి అలవాటుపడి నెలల తరబడి సాధన చేసినవారికి అది నిప్పుల కొలిమి అయింది. మంచినీళ్లు సరిపోలేదన్న ఫిర్యాదులు వచ్చాయి. వందల మంది సొమ్మసిల్లారు. మూడున్నర గంటలు గడిచాక నిర్వాహకులు పందెం ఆపివేసి, దారిలో ఉన్నవారిని నడిచి రమ్మన్నారు. ఒకరు మరణించారు. అతనికి ముందే గుండె జబ్బు ఉన్నదని తర్వాత పరీక్షలో తేలింది.

సరిగ్గా రెండేళ్లకు, 2009 అక్టోబర్‌లో, అదే ఊళ్లో అదే పందెం. ఈసారి బయల్దేరే వేళకు చలి సున్నా డిగ్రీల దరిదాపుల్లో ఉంది. నెల ఒకటే, దారి ఒకటే. మధ్య తేడా 30 డిగ్రీలు!

అందుకే అక్కడివారు ఒక ఉపాయం నేర్చారు. బయల్దేరే చోట గంటసేపు నిలబడాలి కాబట్టి పాత స్వెట్టరో, పాత చొక్కానో పైన వేసుకుని వస్తారు. పరుగు మొదలయ్యే ముందు దాన్ని విప్పి దారి పక్కన వదిలేస్తారు. నిర్వాహకులు వాటిని పోగుచేసి బీదసాదలకు చేరుస్తారు. పరుగుకు పలుచని చొక్కా, నిక్కరు మాత్రమే మిగులుతాయి.

ఒంట్లో పొయ్యి

ఇంత వేడి ఎక్కడి నుంచి వస్తుంది? మనం తిన్న తిండి నుంచి కండరాలు తీసుకునే శక్తిలో సుమారు పావు వంతే కాలు కదలడానికి పనికివస్తుంది. మిగిలిన మూడు వంతులూ వేడిగా మారుతుంది. అంటే పరుగెత్తే మనిషి తన ఒంట్లో పొయ్యి మోసుకుపోతున్నట్టే లెక్క.

ఆ పొయ్యిని చల్లార్చేది చెమట. అయితే చెమట కారినంత మాత్రాన ఒళ్లు చల్లబడదు. అది గాలికి ఆరాలి. కొత్త కుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయి? కుండ పైకి ఊరిన తడి గాలికి ఆరుతుంది కాబట్టి. అదే కుండను ప్లాస్టిక్ కాగితంలో చుట్టి పెడితే నీళ్లు చల్లబడవు. వానకోటు తొడుక్కుని పరుగెత్తే కుర్రాడి సంగతి కూడా ఇంతే. చెమట ధారగా కారుతుంది గాని ఆరే దారి లేదు. ఒంట్లో వేడి పెరుగుతూ పోతుంది. తూకంలో తగ్గిందనుకున్న బరువు కొవ్వు కాదు, నీరు. రెండు చెంబుల నీళ్లు తాగితే తిరిగి వచ్చే బరువు కోసం ప్రాణం పణం పెట్టడం తెలివైన పని కాదు.

శ్రావణ, భాద్రపదాల్లో గాలే తడిగా ఉంటుంది. ఉడుకపోత రోజున ఉతికిన పంచె ఆరదు. ఒంటి మీద చెమట కూడా అలాగే ఆరదు. అందువల్ల ఎండ లేదు కదా, మబ్బు పట్టింది కదా అని ధైర్యపడటానికి వీల్లేదు. మబ్బు కింద ఉక్కపోత కూడా వడదెబ్బ తగిలిస్తుంది.

గొర్రెల కాపరి కాపాడిన ఆరుగురు

వేడి సంగతి ఇలా ఉండగా, చలి చేసే హాని మరో రకం. 2021 మే 22న చైనాలోని గాన్సూ రాష్ట్రంలో కొండల మీద 100 కిలోమీటర్ల పరుగు పందెం జరిగింది. 172 మంది పాల్గొన్నారు. చాలామంది ఒంటి మీద పలుచని చొక్కా, నిక్కరు తప్ప మరేమీ లేవు. గాలిని ఆపే కోటు వెంట ఉంచుకోవాలన్న నిబంధన తప్పనిసరి చేయలేదు. మధ్యాహ్నానికి ఒక్కసారిగా వడగళ్లు, మంచువంటి వాన, ఈదురుగాలి విరుచుకుపడ్డాయి. తడిసిన బట్టలతో, గాలికి ఎదురుగా, తలదాచుకునే చోటు లేక 21 మంది చనిపోయారు. వారిలో ఆ దేశపు మేటి పరుగు వీరులు కూడా ఉన్నారు.

ఆ కొండ మీద గొర్రెలు కాస్తున్న జు కెమింగ్ అనే కాపరి గాలివాన చూసి ఒక గుహలోకి చేరాడు. ఆపద సమయానికి పనికివస్తాయని బట్టలు, తిండి ముందే అక్కడ దాచి పెట్టుకున్నాడు. బయట ఒక మనిషి కదలలేక నిలబడి ఉండటం చూసి లోపలికి తెచ్చాడు. చేతులు, కాళ్లు రుద్ది, నిప్పు రాజేసి, బట్టలు ఆరబెట్టాడు. అలా ఆరుగురి ప్రాణాలు నిలబెట్టాడు.

దేశాలు వేరైనా కాపరి తెలివి ఒకటే. మన దగ్గర గొర్రెల కాపరి నడివేసవిలో కూడా గొంగళి భుజాన వేసుకోకుండా మందవెంట పోడు. ఎండకు పరుచుకుంటాడు, వానకు కప్పుకుంటాడు. ఉన్ని తడిసినా కొంత వెచ్చదనం నిలుపుతుంది. నూలు తడిస్తే ఒంటికి అతుక్కుని ఉన్న వేడిని లాగేస్తుంది. కాపరికి ఇది ఎవరూ చెప్పనక్కర లేదు.

మన దారులు, మన కాలం

హైదరాబాద్‌లో ఇటీవలి సంవత్సరాల్లో ఆగస్టు చివరి వారాల్లో మారథాన్ జరుగుతోంది. తెల్లవారకముందే హుస్సేన్‌సాగర్ ఒడ్డున మొదలై గచ్చిబౌలి స్టేడియంలో ముగుస్తుంది. జిల్లాల నుంచి కూడా యువకులు వెళుతున్నారు. వానాకాలం కావడంతో జల్లులో బయల్దేరి ఉక్కలో చేరడం అక్కడ మామూలే. ఎత్తు పల్లాల వంతెనలు అదనం.

మారథాన్ మాట అటుంచి, ఉద్యోగం కోసం పరుగెత్తేవారి గతి ఏమిటి? 2024 ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లో జార్ఖండ్ రాష్ట్రంలో ఎక్సైజ్ కానిస్టేబుళ్ల ఎంపిక జరిగింది. మగవారికి గంటలో 10 కిలోమీటర్ల పరుగు. ఉక్కపోత రోజులు. పది మందికి పైగా యువకులు ప్రాణాలు కోల్పోయారు. కారణాల మీద వాదోపవాదాలు నడిచాయి. ఉదయం 9 గంటల తర్వాత పరుగు పెట్టరాదని ఆ తర్వాత ప్రభుత్వం చెప్పవలసి వచ్చింది. చచ్చిపోయినవారు ఉద్యోగంతో ఇల్లు నిలబెడదామని వెళ్లిన పల్లె బిడ్డలే. మన రాష్ట్రాల్లో కానిస్టేబుల్ ఎంపికకు పెట్టే పరుగు 1600 మీటర్లే కావచ్చు. కాని దానికోసం నెలల తరబడి రోడ్ల మీద సాధన చేస్తున్నవారు వేలల్లో ఉన్నారు. వారికి చెప్పే గురువులు తక్కువ.

ఏం తొడుక్కోవాలి?

బయల్దేరేటప్పుడు కాస్త చలి అనిపించాలి. అదే మొదటి సూత్రం. పరుగు మొదలైన పావుగంటకు ఒంట్లో పొయ్యి అంటుకుంటుంది. అందువల్ల బయట ఉన్న వేడి కంటె ఆరు నుంచి పది డిగ్రీలు ఎక్కువగా ఉన్నట్టు ఊహించుకుని బట్టలు వేసుకోవాలి. వాకిట్లో నిలబడినప్పుడే వెచ్చగా ఉందంటే, ఆ బట్టలు ఎక్కువైనట్టే.

నూలు బనియను ఇంట్లో హాయి. దూరపు పరుగులో మాత్రం చెమట పీల్చి బరువెక్కుతుంది, ఒంటికి అతుక్కుంటుంది, త్వరగా ఆరదు. కబడ్డీ, వాలీబాల్ ఆటగాళ్లు వేసుకునే పలుచని పాలిస్టర్ జెర్సీ దూరపు పరుగుకు మేలు. అది తడిని పైకి లాగి త్వరగా ఆరిపోతుంది. ఒదులుగా, లేత రంగులో ఉంటే ఇంకా మంచిది. కిలోమీటరు, రెండు కిలోమీటర్ల సాధనకైతే నూలు బనియనైనా ఫరవాలేదు.

చలి ఎక్కువగా ఉంటే ఒక మందపాటి స్వెట్టరు కంటె రెండు పలుచని చొక్కాలు నయం. వేడెక్కినప్పుడు పైది విప్పి నడుముకు కట్టుకోవచ్చు. పందెంలో నిలబడే ముందు చలి ఆగాలంటే పాత చొక్కా చాలు. పెద్ద ప్లాస్టిక్ సంచికి తలకు, చేతులకు చిల్లులు చేసి తగిలించుకున్నా గాలి, జల్లు ఆగుతాయి. పరుగు మొదలవగానే తీసి చెత్తబుట్టలో వేయాలి. దానితో పరుగెత్తకూడదు.

ముందు కప్పు ఉన్న టోపీ ఎండకూ పనికివస్తుంది, వానకూ పనికివస్తుంది. కళ్లలో నీళ్లు పడవు. మేజోళ్లు కూడా పలుచని పాలిస్టర్‌వైతే తడిసినా బొబ్బలు తక్కువ. చంకల్లో, తొడల మధ్య, ఛాతీ మీద, మడమల దగ్గర బట్ట ఒరుసుకుని మంట పుడుతుంది. బయల్దేరే ముందు ఆ చోట్ల వాజలీను గాని కొబ్బరినూనె గాని రాసుకోవాలి.

ఆడపిల్లలు కూడా ఇప్పుడు ధైర్యంగా సాధనకు వస్తున్నారు. సంతోషం. చున్నీ, ఒదులు పైజామా కాళ్లకు అడ్డుపడి పడేసే ప్రమాదం ఉంది. నిండు చేతుల జెర్సీ, కాళ్లకు అతికిన ట్రాక్ ప్యాంటు మర్యాదకూ లోటు లేదు, పరుగుకూ అడ్డు రాదు. ఈ మాట ఇంట్లో పెద్దలు కూడా గమనించాలి.

చీకట్లో పరుగెత్తేవారికి ఇంకో ముఖ్యమైన సంగతి. నల్లచొక్కా వేసుకున్నవాడు లారీ డ్రైవరుకు కనిపించడు. తెల్లదో, పసుపు రంగుదో వేసుకోవాలి. రోడ్డుకు కుడిపక్కన, ఎదురుగా వచ్చే బండి కనిపించేలా పరుగెత్తాలి. చెవుల్లో పాటలు పెట్టుకోకూడదు.

గమ్యం చేరాక కథ అయిపోలేదు. ఒంట్లో పొయ్యి ఆరుతుంది, తడిబట్ట మాత్రం ఒంటి మీదే ఉంటుంది. అప్పుడే వణుకు వస్తుంది. అందుకే పొడి చొక్కా, తువ్వాలు సంచిలో పెట్టి తెలిసినవారి చేతికి ఇచ్చి ఉంచాలి. చేరగానే మార్చుకోవాలి.

ఆపద గుర్తులు

పరుగెత్తేవాడు తూలుతున్నా, పొంతన లేని మాటలు మాట్లాడుతున్నా, పేరు అడిగితే తడబడుతున్నా వడదెబ్బ అని అనుమానించాలి. చెమట పడుతున్నా సరే అది వడదెబ్బ కావచ్చు. వెంటనే నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, తల నుంచి కాళ్ల దాకా చల్లని నీళ్లు పోస్తూ విసరాలి. 108కి ఫోను చేయాలి. తెలివి లేనివాడి నోట్లో నీళ్లు పోయకూడదు.

వానలో తడిసి, ఆగకుండా వణుకుతూ, మాట ముద్దగా వస్తుంటే అది చలిదెబ్బ. గాలి తగలని చోటుకు చేర్చి, తడి బట్టలు తీసేసి, పొడి దుప్పటో గొంగళో కప్పాలి. తెలివిలో ఉంటే వేడి టీ ఇవ్వాలి. సారా పోస్తే వేడెక్కుతాడన్నది భ్రమ. అది ఒంట్లో ఉన్న వేడిని కూడా పోగొడుతుంది.

మళ్లీ మన ముగ్గురు కుర్రాళ్ల దగ్గరకు వద్దాం. బనియను కుర్రాడు ఫరవాలేదు. దూరం పెరిగితే జెర్సీకి మారాలి. స్వెట్టరు కుర్రాడు వాకిట్లో నిలబడ్డంతసేపే దాన్ని ఉంచుకుని, పరుగుకు ముందు తీసేయాలి. వానకోటు కుర్రాడు మాత్రం ఇవాళే, ఇప్పుడే దాన్ని విప్పాలి. అతన్ని చూసినవారు ఎవరైనా సరే ఒక్క క్షణం ఆపి ఆ మాట చెబితే చాలు. విత్తనం వేసే ముందు రైతు మబ్బు వంక చూస్తాడు. పరుగుకు బయల్దేరేవాడు కూడా వాకిట్లోకి వచ్చి ఒకసారి ఆకాశం వంక చూసి, ఆ తర్వాతే చొక్కా తొడుక్కోవాలి.